పొందూరు చీర మీద జుట్టురంగు

నేను ఒక చీరను. పట్టుచీరను కాను, జరీతో నాకు చుట్టరికం లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పుట్టిన ఖద్దరు చీరను. చూసిన వాళ్లు తెల్లచీర అంటారు గానీ నాది తెలుపు కాదు, కాచిన పాల మీద కట్టే మీగడ రంగు. రెండు పక్కలా వేలెడు ఎర్రంచు. మడతపెడితే రెండు అరచేతుల మధ్య ఇమిడిపోతాను. కట్టుకుంటే ఒంటి మీద ఉన్నానో లేనో తెలియదు. ఇదంతా గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. నా మీద పడిన మరక ఎంతటిదో తెలియాలంటే అది పడిన బట్ట ఎలాంటిదో ముందు తెలియాలి కదా, అందుకు.

నా పుట్టుకలో ఒక చేపకు కూడా భాగం ఉంది. మా ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకు సూదుల్లాంటి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. దూది ఇంకా గింజను పట్టుకుని ఉండగానే దానితో దువ్వి, చెత్తా నలుసూ తీసేస్తారు. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా అరటిదొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటారు. గాంధీగారి కాలంలో ఎలా చేశారో ఇప్పుడూ అలాగే. తొందర ఉన్నవాళ్లకు పనికొచ్చే వృత్తి కాదిది.

నా నూలు వడికిన మనిషి పేరు తవిటమ్మ. నలభై ఏళ్లు ఖాదీ సంఘానికి నూలు వడికింది. ఆమె చేతి నూలు ఎంత సన్నమంటే, సంఘంలో చిలపలు, అంటే నూలు చుట్టలు, తూచేవాళ్లు ఆమె చిలపను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పక్కవాళ్లను పిలిచి చూపించేవాళ్లట. ఆ నూలు ఎవరెవరి పంచెలో, ఉత్తరీయాలో అయి ఢిల్లీ దాకా పోయింది గానీ ఆమె ఒంటి మీదకు ఒక్కసారీ రాలేదు. వండేవాళ్లకు అడుగంటినదే మిగిలినట్టు, ఆమె కట్టింది ఎప్పుడూ మిల్లు చీరే.

డెబ్బై దాటాక చూపు మందగించింది. అప్పుడు ఆమెకు ఒక పట్టుదల వచ్చింది. కూతురికి ఒక చీరకు సరిపడా నూలు తన చేత్తో తీసివ్వాలని. కళ్లు సాయం చేయకపోతే వేళ్లతో చూసుకుంటూ పధ్నాలుగు నెలలు వడికింది. అదే వీధిలో ఉండే నేతగాడు సూరన్న మగ్గం మీద నన్ను నేశాడు. దించిన రోజున తవిటమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వేళ్లతో తడిమింది. కూతురి చేతిలో పెట్టి, “పెట్టిలో దాచకే, కట్టుకో” అంది. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

కూతురి పేరు గౌరీశ్వరి. నలభై ఎనిమిదేళ్ల మనిషి. శ్రీకాకుళంలో ఒక శాఖా గ్రంథాలయం ఆమె చేతి కింద నడుస్తుంది. పత్రికలు చదవడానికి వచ్చే ముసలివాళ్లు, పోటీ పరీక్షలకు కూర్చునే కుర్రకారు, వీళ్ల మధ్య గట్టిగా మాట్లాడే అలవాటు ఎప్పుడో పోయింది ఆమెకు. ఏం చెప్పినా చిన్న గొంతుతో చెబుతుంది. ఆ చిన్న గొంతు చూసి మెత్తటి మనిషి అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మనుషులకు ఒక వింత అలవాటు ఉంది. మంచి చీరను ఇనప్పెట్టెలో కలరా ఉండల మధ్య పడుకోబెట్టి, తగిన రోజు కోసం ఎదురుచూస్తారు. ఆ రోజు వచ్చేసరికి చీర మడతల దగ్గర చిరుగుతుంది, లేదా మనిషికి కట్టుకునే ఓపిక పోతుంది. గౌరీశ్వరి అలా చేయలేదు. తల్లి మాట మీద రెండుసార్లు కట్టింది. మూడోసారి కట్టింది గాంధీ జయంతి నాడు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి పొందూరులో ఖాదీ సంఘం వాళ్లు సభ పెట్టారు. కాలం చేసిన వడికేవాళ్లను తలుచుకుని, వాళ్ల ఇళ్లవాళ్లకు శాలువా కప్పుతారు. తవిటమ్మ పేరు మొదట ఉంది. గౌరీశ్వరి ముందు రోజే జుట్టుకు రంగు వేయించుకోవాలనుకుంది గానీ, పార్లరులో కరెంటు లేదని మర్నాటికి రమ్మన్నారు. మర్నాడు పదకొండున్నరకు గాని వీలు కాలేదు. అక్కడి నుంచి ఇంటికి వచ్చి చీర మార్చుకుంటే బస్సు దొరకదు. అందుకని నన్ను కట్టుకునే పార్లరుకు వెళ్లింది.

ఆ పార్లరు హంసవేణి అనే ఆమెది. ఒక్క కుర్చీతో మొదలుపెట్టి ఆరు కుర్చీలకు పెంచింది. గోడ నిండా అద్దాలు, అద్దాల పైన ఒక బోర్డు: ‘బట్టలకు, నగలకు యాజమాన్యం బాధ్యత వహించదు.’ పని చేసేది నూకరత్నం. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో పనితనం ఉన్న మనిషి. ఆమె దువ్వెన పడితే వచ్చిన వాళ్లకు కునుకు పడుతుందని ఊళ్లో పేరు.

నూకరత్నం గౌరీశ్వరి మెడ చుట్టూ ఒక నల్లగుడ్డ కట్టింది. అది ఒక పక్క చిరిగి ఉంది, మోకాళ్ల దాకా కూడా రాలేదు. ఇంకొంచెం పెద్దది ఉందా అని గౌరీశ్వరి అడిగింది. బీరువాలో కొత్తవి ఉన్నాయని నూకరత్నం అటు కదలబోయింది. బల్ల దగ్గర కూర్చున్న హంసవేణి తల ఎత్తకుండానే, అవి పెళ్లికూతుళ్లకని, దీంతో సరిపోతుందని అంది. నూకరత్నం ఆగిపోయింది. గౌరీశ్వరి నా కొంగు లాగి ఒళ్లో మడిచి పెట్టుకుంది. జాగ్రత్త అంటే ఆమెకు తోచింది అదే. రంగు సరిగ్గా పడబోయేది అక్కడేనని ఇద్దరికీ తెలియదు.

జుట్టు సగం పూర్తయింది. చక్రాల బల్ల మీద రంగు గిన్నె ఉంది. ఇంతలో ఫోనులో ఎవరో ఏదో అడిగారని హంసవేణి వెనక నుంచి గట్టిగా పిలిచింది. నూకరత్నం ఉలిక్కిపడి తిరిగింది. ఆమె మోచెయ్యి తగిలి గిన్నె బోర్లాపడింది.

చల్లగా తగిలింది నాకు. మొదట లేత గోధుమ రంగు. జుట్టురంగుకు ఒక గుణం ఉంది, గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. ముగ్గురూ చూస్తుండగానే గోధుమ రంగు ఇటుక రంగయింది, ఇటుక రంగు నల్లబడింది. ఒళ్లో నుంచి కుచ్చెళ్ల మీదుగా కిందికి జానెడు పొడుగున పాకింది.

నూకరత్నం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. వెంటనే తేరుకుని, రుద్దొద్దు, కుళాయి కింద పెట్టి నీళ్లు ధారగా పోద్దామని అంది. పదేళ్లుగా రంగుతో పని చేస్తున్న మనిషి మాట అది. హంసవేణి ఆమెను పక్కకు నెట్టి, గోళ్ల రంగు తుడిచేదో, మరకలు తీసేదో, ఒక ఘాటు వాసన సీసా తెచ్చి, దూదితో నన్ను రుద్దడం మొదలుపెట్టింది. వద్దని గౌరీశ్వరి రెండుసార్లు చెప్పింది. అయినా ఆమె రుద్దుతూనే ఉంది. పధ్నాలుగు నెలలు వేళ్లతో చూసుకుని తీసిన నూలు ఆ రుద్దుడుకు నలిగిపోతున్నదని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరేదీ?

ఒంటి గంట అయింది. హంసవేణి లోపల నుంచి ఒక మెరుపుల చీర తెచ్చి, సభకు ఇది కట్టుకుపొండి, రేపు తెచ్చివ్వండి అంది. గౌరీశ్వరి దాన్ని ముట్టుకోలేదు. జుట్టు కడిగించుకుంది. తడి జుట్టుకు క్లిప్పు పెట్టుకుని, మరకతోనే నన్ను కట్టుకుని బస్టాండుకు నడిచింది. అక్కడ ఆడవాళ్ల గదిలో ఒకసారి కుచ్చెళ్లు విప్పి, మరక లోపలికి పోయేలా తిప్పి కట్టి చూసింది. అద్దంలో చూసుకుంది. ఏమనుకుందో, మళ్లీ విప్పి, మొదట ఎలా ఉందో అలాగే కట్టుకుంది.

సభలో వడికే ఆడవాళ్లు నేల మీద వరసగా కూర్చున్నారు. గౌరీశ్వరి వేదిక ఎక్కగానే గుసగుసలు వినిపించాయి. శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు దగ్గర అంది: “ఇది మా అమ్మ ఆఖరున తీసిన నూలు. మరక ఇవాళే పడింది. మీరు నూలు చూడండి.” అంతే చెప్పి దిగిపోయింది. సభ అయ్యాక ఆడవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి కొంగు పట్టుకుని చూశారు. ఒకామె మాత్రం మరక దగ్గర చెయ్యి పెట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కి, ఇక్కడ నూలు చచ్చిపోయిందే అంది.

ఆమె అన్నది నిజమే. ఆ రాత్రి గౌరీశ్వరి నన్ను నీళ్లలో నానబెట్టి తీసేసరికి, హంసవేణి రుద్దిన చోట రూపాయి బిళ్లంత చిల్లు పడి ఉంది.

మర్నాడు పొద్దున్నే నన్ను సంచిలో పెట్టుకుని పార్లరుకు వెళ్లింది. సంచిలో ఉన్నవాళ్లకు ముఖాలు కనిపించవు, గొంతులు వినిపిస్తాయి. హంసవేణి గొంతు మొదట తేనెలా ఉంది. మూడుసార్లు ఉచితంగా ఫేషియల్ చేస్తానంది. కొత్త చీర కొనిస్తానంది. గౌరీశ్వరి తనకు అవేవీ వద్దంది.

“మీ అజాగ్రత్త వల్ల జరిగిందని ఓ ముక్క రాసివ్వండి. ఆ బోర్డు తీసీండి. నాకు ఇంకేటీ వద్దు.”

అక్కడితో తేనె అయిపోయింది. రాసివ్వడమేమిటి, రేపు దాన్ని పట్టుకుని ఎక్కడికి పోతారో ఎవరికి తెలుసు అంది హంసవేణి. బోర్డు చదువుకోకుండా కూర్చున్నది మీరే అంది. పాత చీరకు ఇంత గొడవేమిటంది. చివరికి, “ఆ మరకతోనే మా పార్లరుకు వచ్చారేమో” అంది.

గదిలో చీపురు చప్పుడు వినిపిస్తూ ఉన్నది కాస్తా ఆగిపోయింది. ఊడుస్తున్నది నూకరత్నం. గౌరీశ్వరి ఎప్పటిలాగే చిన్న గొంతుతో, “అయితే సరేనండి” అని బయటికి వచ్చేసింది.

ఆ ‘సరే’ అర్థం నాకు తర్వాత తెలిసింది. మరక ఒక చేతి పొరపాటు, దాన్ని ఆమె క్షమించడానికే వెళ్లింది. కానీ తన తల్లి నూలు మీద మరక తానే మోసుకొచ్చిందని ఒకరు అనడం, దాన్ని విని ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. సాయంత్రం గ్రంథాలయంలో అందరూ వెళ్లిపోయాక వినియోగదారుల చట్టం పుస్తకం తీసి, పెన్సిలుతో కాగితం మీద రాసుకుంటూ చదివింది. మూడు సాయంత్రాలు అలాగే చదివింది.

భర్త సింహాచలం రైల్వేలో పని చేస్తాడు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. వచ్చినప్పుడు సంగతి విని, ఒగ్గీ, వదిలెయ్ అన్నాడు. చీర కోసం కోర్టుకెక్కిందని ఊరంతా నవ్వుతుందన్నాడు. చీర కోసం కాదని ఆమె చెప్పింది. మరి దేనికోసమని అడిగితే, జరిగింది జరగలేదంటే ఒప్పుకోలేనంది. అతను రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు తానే కాగితాలు జిరాక్సు తీయించుకొచ్చాడు. ఊరు నవ్వింది కూడా. ఏకు మేకయిందని గ్రంథాలయానికి వచ్చే ఒక పెద్దాయన హాస్యమాడాడు. మేకయ్యేదాకా ఏకును చూడనివాళ్లది తప్పు కదండీ అని ఆమె ఆయనకు పత్రిక అందించింది.

లాయరును పెట్టుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో తన ఫిర్యాదు తానే రాసి ఇచ్చింది. అందులో హంసవేణి పేరు ఒక్కటే ఉంది. గిన్నె తగిలింది నూకరత్నం చేతికే అయినా, ఆమె పేరు ఎక్కడా రాయలేదు. పెద్ద గుడ్డ ఇవ్వనివ్వనిదీ, వద్దంటే రుద్దిందీ ఒకరు, పేరు ఇంకొకరిదా అని అడిగింది సింహాచలాన్ని.

అలా నేను సాక్ష్యమయ్యాను. నా అంచుకు దారంతో ఒక చీటీ కట్టారు, దాని మీద ఒక అంకె వేశారు. కాగితాలు, ఫోటోలు, నేను అందరం కమిషన్ ఆఫీసులో ఒకే బీరువాలో. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ వస్తువులు అబద్ధమాడవని మాత్రం గట్టిగా నమ్ముతారు. అందుకే మమ్మల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు కాబోలు. ఏడు నెలలు ఆ బీరువాలో ఉన్నాను. వాయిదా ఉన్నప్పుడు తీసేవాళ్లు, మళ్లీ మడిచేవాళ్లు. మడిచేవాళ్లకు చీర మడవడం రాదు.

హంసవేణి తరఫు లాయరు మొదటి వాయిదాలో ఈ చీర కొన్నట్టు బిల్లేదీ అని అడిగాడు. బిల్లు లేదని, తల్లి వడికి అదే వీధిలో నేయించిందని గౌరీశ్వరి చెప్పింది. అయితే ఇది ఆ చీరే అని ఏమిటి నమ్మకం అన్నాడాయన. రెండో వాయిదాకు సూరన్న పొందూరు నుంచి బస్సెక్కి వచ్చాడు. నన్ను బల్ల మీద పరిచారు. ఆయన అంచు పట్టుకుని వెతికాడు. కొంగుకు మూడు జానల దూరంలో వేలు పెట్టి ఆపాడు.

“ఇక్కడ ఎర్రపోగు ఒకటి తప్పిపోనాదండి. ఆ రోజు నాకు జొరం. దిద్దుతానంటే తవిటమ్మ వొద్దంది. ఈ చీర నా మగ్గం మీద దిగిందే.”

తప్పు ఉన్న చోటును చూపించి ఒక మనిషి ఇది నాదేనని చెప్పుకోవడం ఆ గదిలో వాళ్లకు కొత్తలా ఉంది. కమిషన్ అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి వంగి చూశాడు. లాయరు బిల్లు ఊసు మళ్లీ ఎత్తలేదు. మరక ముందే ఉందన్న మాట మాత్రం వదల్లేదు. దానికి సాక్షిగా నూకరత్నం ప్రమాణపత్రం దాఖలు చేశాడు.

ఆ సాయంత్రం గౌరీశ్వరి ఆ కాగితం నకలు సంచిలో పెట్టుకుని బస్టాపులో నిలబడి ఉందట. నూకరత్నం పిల్లకు మందులు కొనుక్కుని అటుగా వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఏం జరిగిందో నూకరత్నం ఎప్పుడో చెప్పగా విన్నాను. నూకరత్నమే ఏడుస్తూ మొదలుపెట్టిందట: తన చేత సంతకం పెట్టించుకున్నారని, అందులో ఏముందో తర్వాత గాని చెప్పలేదని, పని పోతే ఇద్దరు పిల్లలతో ఎక్కడికి పోవాలని. గౌరీశ్వరి ఆమెను కూర్చోబెట్టి చెప్పిందట: “నీ పేరు నేను రాయలేదు, ఇక మీదా రాయను. నా వైపు వచ్చి చెప్పమని కూడా అడగను. నీ బతుకు సంగతి నాకు తెలుసు. నువ్వు ఏం చెయ్యాలో నీకే వదిలేసాను.” ఆమె బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదని నూకరత్నం తర్వాత అంది. తిట్టకపోవడంతో ఆ రెండు వారాలూ అన్నం సయించలేదట.

మూడో వాయిదాకు ప్రమాణపత్రం ఇచ్చిన మనిషిని స్వయంగా రమ్మన్నారు. నూకరత్నం వచ్చింది. హంసవేణి పక్కన కూర్చుంది. నన్ను మళ్లీ బల్ల మీద పరిచారు. మరక మాడిన పెనంలా నల్లగా ఉంది, చిల్లు అంచున పోగులు లేచి ఉన్నాయి. అధ్యక్షుడు కాగితం చూపించి, ఇది నీ సంతకమేనా అని అడిగాడు.

నూకరత్నం కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“సంతకం నాదేనండి. మాటలు నావి కావు.”

లాయరు లేవబోయాడు. అధ్యక్షుడు చేత్తో ఆపాడు. ఆమె ఆగకుండా చెప్పేసింది. గిన్నె తన మోచెయ్యి తగిలే పడిందని, చీర మీద అంతకుముందు ఏ మరకా లేదని, మీగడలా ఉందని, కట్టుకొచ్చినప్పుడే చూసి, ఎక్కడి చీరని తాను అడిగానని కూడా చెప్పింది. నీళ్లు పోద్దామన్నాను, పోయనివ్వలేదు, రుద్దింది నేను కాదు అంది. చెబుతున్నంత సేపూ తన చీర చెంగు రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పుతూనే ఉంది. చెప్పడం అయ్యాక, ఇక వెళ్లొచ్చా అని అడిగి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది.

గౌరీశ్వరి కుర్చీలో కదలకుండా కూర్చుంది. గెలిచిన ముఖం కాదది. ఆ తలుపు వైపే చూస్తూ ఉంది.

తీర్పులో నష్టపరిహారం మాట ఉంది. కానీ గౌరీశ్వరి చదివిన వాక్యాలు రెండే. బోర్డు తీసేయాలి, అలాంటి బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత పోదు. తప్పు ఒప్పుకుంటూ లేఖ ఇవ్వాలి. ఆ రెండూ ఆమె మొదటి రోజు ఉదయం నోటిమాటగా అడిగినవే. ఆ రోజు ఒక ముక్క రాసిస్తే అయిపోయేదానికి ఎనిమిది నెలలు పట్టింది. మనుషులు తప్పు ఒప్పుకోవడానికి పడే కష్టం చూస్తే, దూది ఏకడమే తేలిక అనిపిస్తుంది నాకు.

నూకరత్నాన్ని మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. గౌరీశ్వరి ఆమె ఇంటికి వెళ్లింది. మూడు నెలలు ఎలాగోలా గడుపుదామని, ఇంకోచోట పని వెతుకుదామని చెప్పి, తన జుట్టు, గ్రంథాలయం పక్కింటి ఆడవాళ్ల జుట్టు ఆమె చేతనే కత్తిరింపించింది. ఇంతలో పార్లరులో కుర్చీలు ఖాళీ కాసాగాయి. వచ్చిన ఆడవాళ్లు నూకరత్నం లేదా అని అడిగి, లేదంటే రేపు వస్తామని వెళ్లేవాళ్లు. ఆ రేపు రాలేదు. నాలుగో వారంలో హంసవేణి తానే నూకరత్నం ఇంటికి వెళ్లి పిలిచింది. నూకరత్నం వెళ్లింది, గుడ్డలు పాదాల దాకా వచ్చేవి కొనాలని చెప్పి మరీ వెళ్లింది.

లేఖ మాత్రం హంసవేణి మనిషితో పంపలేదు. ఒక మధ్యాహ్నం తానే గ్రంథాలయానికి తెచ్చింది. అప్పటికి కమిషన్ నుంచి నన్ను వెనక్కి ఇచ్చేశారు. గౌరీశ్వరి బల్ల పక్క అలమరలో ఉన్నాను నేను. లేఖలో నాలుగు వరసలు. లాయరు భాష కాదు, సొంత దస్తూరీ. గౌరీశ్వరి చదివి, ఒక మాట తప్పు ఉంటే పెన్సిలుతో దిద్దబోయి, మానేసింది.

హంసవేణి అక్కడే నిలబడి ఉంది. భయపడ్డానండీ అంది. ఒకసారి రాసిస్తే పరిహారం ఇమ్మని అందరూ వస్తారనుకున్నానని, ఆరు కుర్చీలూ అప్పుతో కొన్నవేనని, మొదటి అబద్ధం ఆడేశాక వెనక్కి రావడానికి దారి కనిపించలేదని చెప్పింది. గౌరీశ్వరి ఆమెను కూర్చోమంది. మంచినీళ్లు ఇచ్చింది. కోపం పోయిందని అనలేదు, పోలేదు కూడా. “మీరు రాసింది చాలండి” అంది. ఆ ఇద్దరూ స్నేహితులు కాలేదు. బజారులో ఎదురైతే తల ఊపుకుంటారు.

నా చిల్లు సూరన్న రఫూ చేశాడు. కొత్త నూలు అంత సన్నంగా దొరకలేదు, అందుకని అతుకు కొంచెం లావుగా తెలుస్తుంది. మరక పోలేదు. పోదని కూడా చెప్పేశాడు. గౌరీశ్వరి నన్ను మరో రెండేళ్లు కట్టింది. సభలకు, పనికి, ఒకసారి సంతకు కూడా. చూసి అడిగిన వాళ్లకు అడిగినంత మేర చెప్పింది. తర్వాత బట్ట బలం తగ్గింది, మడతల దగ్గర పిగులుతున్నాను. అప్పుడు ఖాదీ సంఘం వాళ్లు అడిగారు. కొత్తగా వడకడం నేర్చుకునే ఆడవాళ్లకు చూపించడానికి మంచి నూలు కావాలి, ఇస్తారా అని. గాజు పెట్టెలో పెట్టి, మరక కనపడకుండా లోపలికి మడుస్తామన్నారు. గాజు పెట్టె వద్దు, మడతా వద్దు, అందరి చేతికీ అందేలా దండెం మీద వేస్తే ఇస్తానంది.

ఇప్పుడు నేను పొందూరులో వడికే షెడ్డులో దండెం మీద ఉన్నాను. కిటికీ లోంచి ఎండ వస్తుంది. నేర్చుకునేవాళ్లు తమ నూలు తెచ్చి నా పక్కన పట్టుకుని పోల్చుకుంటారు, నిట్టూరుస్తారు, వెళ్లి మళ్లీ కూర్చుంటారు. నాకు ఇంతకంటే మంచి చోటు ఇంకొకటి ఉంటుందనుకోను.

ప్రతి ఆదివారం గౌరీశ్వరి వస్తుంది. నన్ను చూడడానికి అనుకునేరు, కాదు. తల్లి ఆమెకు వడకడం నేర్పలేదు. చదువుకోమని రాట్నం దగ్గరకు రానిచ్చేది కాదట. యాభై దాటాక ఇప్పుడు నేర్చుకుంటున్నది. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల పక్కన చాప వేసుకుని కూర్చుంటుంది. ఆమె నూలు లావు, అక్కడక్కడా ముడులు. ఊరికే తెగుతుంది. తెగిన చోట పోగు కలుపుకుని మళ్లీ చక్రం తిప్పుతుంది.

పోయిన ఆదివారం పదిహేడుసార్లు తెగింది. ఇవాళ పొద్దున్నుంచి పదకొండు.